ఇల్లొక్కటీ అద్దంలా ఉంటే చాలదు!

పొద్దున్నే లేచి ఇల్లు ఊడుస్తాం, గిన్నెలు తోముతాం, పిల్లలకి వేడివేడిగా వండి పెడతాం. బాగానే ఉంది. మరి కుళాయిలో వచ్చే నీళ్లు, వాడుకగా తెప్పించుకునే పాలు, వీధి మలుపులో పొంగిపొర్లే చెత్తకుండీ... వీటి సంగతి? అవి మన చేతుల్లో లేవు కదా అనుకుంటాం. మన చేతుల్లోకి ఎందుకు రాకూడదని పట్టుబట్టిన ఇల్లాలు కాని ఇల్లాలు జేన్ ఆడమ్స్. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న తొలి అమెరికన్ మహిళగా ఆమె పేరు చాలామందికి తెలుసు. కానీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆమె తెల్లవారుజామున లేచి చెత్తబండ్ల వెంట తిరిగిందన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు.

తల్లి లేని పిల్ల

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో సీడర్‌విల్ అని ఒక చిన్న ఊరు. 1860 సెప్టెంబరు 6న అక్కడ పుట్టింది జేన్. తొమ్మిది మంది సంతానంలో ఎనిమిదోది. తండ్రికి పిండిమిల్లు ఉండేది. రాష్ట్ర సెనేట్‌లో సభ్యుడు కూడా. అబ్రహాం లింకన్‌కు స్నేహితుడు. కలిగిన కుటుంబమే, దేనికీ లోటు లేదు. కానీ జేన్‌కు రెండేళ్లు నిండాయో లేదో తల్లి కన్నుమూసింది. నాలుగేళ్లకు వెన్నెముకకు క్షయ సోకింది. ప్రాణం దక్కినా వెన్ను వంకరపోయింది. నలుగురిలో తండ్రి పక్కన నడవాలంటే ఆ పసిపిల్లకి సిగ్గుగా ఉండేదట. తన వంకర నడక వల్ల నాన్నకు చిన్నతనమని ఆమె బెంగ!

ఏడేళ్లు నిండకముందే ఒకరోజు తండ్రి వెంట పక్క పట్నానికి వెళ్లి, మిల్లు దగ్గర పేదల వాడ చూసింది. అంత చిన్న ఇళ్లలో, అంత దగ్గరదగ్గరగా మనుషులు ఎందుకుంటారని తండ్రిని అడిగింది. జవాబు విన్నాక, పెద్దయితే పెద్ద ఇల్లే కట్టుకుంటాను గానీ పెద్ద ఇళ్ల మధ్య కాదు, ఇలాంటి చిన్న ఇళ్ల మధ్యే కట్టుకుంటానని చెప్పిందట. పిల్లల మాట కదా అని ఎవరూ పట్టించుకుని ఉండరు. కానీ అదే జరిగింది.

1881లో చదువు ముగించింది. క్లాసులో ఆమే ఫస్టు. ఆ వేసవిలోనే తండ్రి హఠాత్తుగా పోయాడు. డాక్టరు కావాలని వైద్య కళాశాలలో చేరింది గానీ వెన్నునొప్పి కొన్ని నెలలకే మంచాన పడేసింది. చదువుంది, డబ్బుంది, చేయడానికి మాత్రం ఏ పనీ లేదు. ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్లకి పెళ్లి తప్ప మరో దారి ఎవరు చూపించారు గనక? మనసు మార్పు కోసమని యూరప్ పర్యటనకు పంపించారు.

కుళ్లిన కూరగాయల వేలం

1883లో ఒక శనివారం రాత్రి. లండన్ తూర్పు పేటలో గుర్రపు బస్సు పైఅంతస్తులో కూర్చుని కిందకి చూసింది జేన్. తోపుడు బండ్ల చుట్టూ జనం. సోమవారం దాకా నిలవ ఉండని, సగం కుళ్లిన కూరలూ పళ్లూ అక్కడ వేలం వేస్తున్నారు. మసక వెలుతురులో చాచిన చేతులు... వందలకొద్దీ చేతులు. ఒకడు క్యాబేజీ గడ్డ దక్కించుకుని, అక్కడే రోడ్డు అంచున కూర్చుని, కడగకుండా, ఉడకబెట్టకుండా పచ్చిగానే కొరుక్కు తిన్నాడు. ప్రపంచంలోకెల్లా సంపన్న నగరంలో అదీ ఆకలి!

ఆ చేతులు ఆమెను చాలాకాలం వెంటాడాయి. ఆ తర్వాత లండన్‌లో ఎక్కడికెళ్లినా ఇరుకు సందుల్లోకి తొంగిచూడాలంటే భయపడేదట, మళ్లీ అదే కనిపిస్తుందేమోనని. 1887 చివర్లో స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి మళ్లీ యూరప్ వెళ్లింది. అప్పుడు లండన్‌లోనే టాయిన్‌బీ హాల్ చూసింది. చదువుకున్న కుర్రాళ్లు పేదల వాడలోనే కాపురముండి, వాళ్లతో కలిసి పనిచేసే చోటది. పనేమిటో తెలిసిపోయింది. ఇక తిరిగి రావడమే తరువాయి.

తలుపు వేయడం మరిచిపోయిన రాత్రి

షికాగోలో హాల్‌స్టెడ్ వీధి. ఇటలీ నుంచి, రష్యా నుంచి, జర్మనీ నుంచి, ఐర్లండ్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన వాళ్లతో కిక్కిరిసిన 19వ వార్డు. వీధికొక భాష, గడపకొక దేశం. ఆ వీధిలో హల్ అనే వ్యాపారి ఒకప్పుడు కట్టించిన పాత భవనంలో 1889 సెప్టెంబరు 18న జేన్, ఎలెన్ కాపురం పెట్టారు. మొదటి రాత్రి ఆ హడావుడిలో పక్క తలుపు గడియ వేయడం కాదు కదా, మూయడమే మరిచిపోయారు. తెల్లారి చూస్తే ఒక్క వస్తువూ పోలేదు. ఆ వాడ గురించి అందరూ చెప్పిన కథలకీ, కళ్లారా చూసినదానికీ ఎంత తేడా!

అదే హల్ హౌస్. సంగీతం, చిత్రకళ, పుస్తక పఠనం నేర్పిద్దామని వాళ్లు మొదలుపెట్టారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లకి కావలసింది వేరే అని నాలుగు రోజుల్లోనే తెలిసింది. పసిబిడ్డని కాసేపు చూసుకోమనేవారు, పురిటికి సాయం రమ్మనేవారు, ఉత్తరం చదివిపెట్టమనేవారు. తల్లులు పనికి వెళ్తే పిల్లల్ని ఇంట్లో పెట్టి తాళం వేసేవాళ్లు. జేన్‌కు ముగ్గురు అవిటి పిల్లలు తారసపడ్డారు. ఒకడు మూడో అంతస్తు కిటికీలోంచి పడ్డాడు. ఒకడు నిప్పుల్లో కాలాడు. మూడోవాడిని మూడేళ్లపాటు పగలంతా వంటింటి బల్లకాలికి కట్టేసి ఉంచడంతో వెన్ను వంగిపోయింది. ఆ తల్లుల్ని తిట్టి ఏం లాభం? కూలికి వెళ్లకపోతే రాత్రికి తిండి లేదు. అలా హల్ హౌస్‌లో కిండర్‌గార్టెన్, దాని వెంట శిశు సంరక్షణ కేంద్రం వచ్చాయి.

ఆ ఏడాది క్రిస్మస్‌కి పిల్లలకి మిఠాయిలు పంచారు. కొందరు ఆడపిల్లలు వద్దంటే వద్దన్నారు. ఎందుకా అని ఆరా తీస్తే, ఆ పిల్లలు మిఠాయి ఫ్యాక్టరీలో ఆరు వారాలుగా పొద్దున 7 నుంచి రాత్రి 9 దాకా పనిచేస్తున్నారట. మిఠాయి వాసనంటేనే కడుపులో తిప్పుతోంది పాపం! ఫ్లారెన్స్ కెల్లీ లాంటి సహచరుల కృషితో 1893లో ఇల్లినాయ్ రాష్ట్రం 14 ఏళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదని చట్టం చేసింది.

కుట్టుపని తల్లులు, డబ్బా కూడు

ఇక తిండి సంగతి. ఆ వాడలో ఎందరో ఆడవాళ్లు ఇంట్లోనో, ఇరుకు గదుల్లోనో కూర్చుని బట్టలు కుట్టేవారు. డజను ప్యాంట్లకి చివరి కుట్లు వేస్తే చేతికొచ్చేది 5, 7, మహా అయితే 9 సెంట్లు. పని ముమ్మరంగా ఉండే రోజుల్లో సూది కింద పెడితే కూలి పోతుంది. పొయ్యి దగ్గర నిలబడే తీరికెక్కడ? దగ్గర కొట్లోంచి డబ్బాల్లో నిలవ ఉన్న పదార్థాలు తెచ్చి వెచ్చబెట్టేవాళ్లు. అదీ కుదరకపోతే పిల్లల చేతిలో నాలుగు నాణేలు పెట్టి మిఠాయి కొట్టుకి తోలేవాళ్లు. అదే వాళ్ల మధ్యాహ్న భోజనం.

ఇది చూసి జేన్ 1893లో ఒక సామూహిక వంటశాల తెరిపించింది. బోస్టన్‌లో ఎలెన్ రిచర్డ్స్ అనే శాస్త్రవేత్త నడిపిన వంటశాలే దీనికి నమూనా. హల్ హౌస్ నుంచి ఒకామె అక్కడికే వెళ్లి శిక్షణ పొంది వచ్చింది. తక్కువ ఖర్చుతో మంచి పోషకాహారం, చవగ్గా సూపులు, కూరలు. లెక్క ప్రకారం అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ అనుకున్నంతగా జనం రాలేదు! ఒక పొరుగావిడ మొహమాటం లేకుండా చెప్పేసింది: మీ తిండి బలమైనదేగానీ, నా నోటికి రుచించేదే నేను తింటానని. నిజమే మరి. ఇటలీ నోటికి ఒక రుచి, రష్యా నోటికి మరో రుచి. మంచిదని మనం అనుకున్నది ఎదుటివాళ్ల కంచంలో పెడితే సరిపోదు, వాళ్లనీ అడగాలి. జేన్ ఆ పాఠాన్ని దాచుకోలేదు. తన ఆత్మకథలో రాసుకుంది. ఆ వంటశాలతో పాటు పెట్టిన కాఫీ హోటల్ మాత్రం వాడంతటికీ కూడలి అయింది.

1895, 1896లలో హల్ హౌస్ సహకారంతో అమెరికా వ్యవసాయ శాఖ ఆ వాడలోని కుటుంబాలు ఏం కొంటున్నాయో, ఏం తింటున్నాయో, దానికి ఎంతవుతోందో లెక్కలు తీయించింది. పేదింటి వంటగది అలా ప్రభుత్వ నివేదికకెక్కింది.

మరిచిపోలేని ఆ గుమాస్తా

1893లో అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఆ చలికాలం షికాగోలో పని లేదు, తిండి లేదు. సాయం కోసం హల్ హౌస్ ముందు బారులు తీరారు. దానధర్మాల సంఘాలకి ఒక నియమం ఉండేది. పని దొరికే అవకాశముంటే ముందు పనికే పంపాలి, ఉచిత సాయం ఆ తర్వాతే. ఒకరోజు ఒక గుమాస్తా వచ్చాడు. మురుగు కాలువ తవ్వకంలో పని ఉంది, ముందు అక్కడికి వెళ్లమంది జేన్. ఎప్పుడూ నీడపట్టున పనిచేసినవాణ్ని, ఈ చలిలో బయట తవ్వకం తట్టుకోలేనని చెప్పాడతను. నియమం నియమమే అంది. అతను వెళ్లాడు. రెండు రోజులు తవ్వాడు. న్యుమోనియా వచ్చింది. వారం తిరిగేసరికి చనిపోయాడు. ఇద్దరు చిన్నపిల్లలు మిగిలారు.

ఆ పిల్లల బాగోగులు ఆమె చూస్తూనే ఉంది. చూసినప్పుడల్లా గుండెలో ముల్లు కదిలేది. నియమాలు అందరికీ ఒకేలా ఉంటాయి గానీ మనుషులు ఉండరు; ఎవరి కష్టం ఏమిటో వాళ్ల నోటే వినకుండా సాయం చేయకూడదు - ఒక ప్రాణం పోయాక ఆమెకు తెలిసిన సత్యమిది.

చెత్తబండి వెంట...

ఇప్పుడు అసలు కథ. 19వ వార్డు వీధుల్లో పెద్దపెద్ద చెక్కపెట్టెలు రోడ్డుకి బిగించి ఉండేవి. చెత్తంతా అందులోనే. రోజుల తరబడి ఎత్తేవారు కాదు. కుళ్లిన పళ్లు, చచ్చిన జంతువులు, పశువుల పాకల పేడ. పిల్లల ఆటలూ ఆ పెట్టెల మీదే! చెత్త ఎత్తే కాంట్రాక్టు రాజకీయ నాయకుల మనుషులకి దక్కేది. డబ్బు తీసుకునేవాళ్లు, బండ్లు మాత్రం కదిలేవి కావు.

1894 వేసవిలో హల్ హౌస్ మహిళా సంఘం సభ్యులు పన్నెండు మంది ఒక పని చేశారు. పగలంతా ఇంటి చాకిరీ ముగించుకుని వారానికి మూడు సాయంత్రాలు సందుసందూ తిరిగారు. ఎక్కడ చెత్త ఉంది, ఎన్నాళ్లుగా ఉంది, ఎవరిది తప్పు... అన్నీ రాసుకున్నారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో హల్ హౌస్ నుంచి ఆరోగ్య శాఖకు చేరిన ఫిర్యాదులు 1,037. అన్నీ రుజువున్నవే! ముగ్గురు ఇన్‌స్పెక్టర్లని ఒకరి తర్వాత ఒకరిని బదిలీ చేశారు. అయినా చెత్త కదల్లేదు.

మరుసటి వసంతంలో జేన్ తనే చెత్త కాంట్రాక్టుకి టెండరు వేసింది. ఏదో సాంకేతిక కారణం చూపి దాన్ని కొట్టేశారు. కానీ ఆ గొడవ ఊరంతా పాకడంతో మేయరు ఆమెనే ఆ వార్డుకి చెత్త ఇన్‌స్పెక్టరుగా వేశాడు. ఏడాదికి వెయ్యి డాలర్ల జీతం. ఉదయం 6 గంటలకే లేచి, బండ్లు వేళకు బయల్దేరాయో లేదో చూసి, డంపింగు స్థలం దాకా వాటి వెనకే వెళ్లేది. గతంలో 7 బండ్లతో సరిపెట్టుకున్న కాంట్రాక్టరు చేత 9, తర్వాత 13, చివరికి 17 బండ్లు నడిపించింది. ప్రతి బండికీ నష్టమేనని అతను మొత్తుకున్నా వినలేదు. ఒక ఇరుకు వీధిలో పేరుకున్న చెత్త తవ్విస్తే, 18 అంగుళాల కింద చక్కటి రాతి రోడ్డు బయటపడింది. అక్కడొక రోడ్డు ఉందన్న సంగతే జనం మరిచిపోయారు!

కుటుంబంలో పుట్టిన ఆడది ఇదేం పనని ఆ వాడ ఆడవాళ్లే ముక్కున వేలేసుకున్నారు. జబ్బుపడ్డ వాళ్లకి సేవ చేస్తే పుణ్యం అంటారు గదా, జబ్బు తెచ్చే చెత్తని తీయిస్తే తప్పెలా అవుతుందని నచ్చచెప్పింది. మరణాల లెక్కలో నగరంలోని వార్డులన్నిటిలో మూడో స్థానంలో ఉన్న 19వ వార్డు ఏడో స్థానానికి దిగింది. ఆ దిగిన మెట్లు ఎందరు పసిపిల్లల ప్రాణాలో!

ఆ తల్లి కడుపుకోత

ఆ వీధిలోనే ఒక వితంతువు ఉండేది. ఎన్నో ఏళ్లుగా అక్కడే కాపురం. ఇల్లు అద్దంలా పెట్టుకునేది. వీధి సంగతులు తనకెందుకని, మహిళా సంఘం పిలిచినా పట్టించుకునేది కాదు. కూతుళ్లిద్దరినీ దూరంగా తూర్పు రాష్ట్రాల్లో మంచి కళాశాలలో చదివించింది. ఒక వేసవిలో వాళ్లు ఇంటికొచ్చారు. ఇద్దరికీ టైఫాయిడ్. ఒక అమ్మాయి చనిపోయింది. ఆ తల్లి శుభ్రంలో లోపం లేదు. కానీ పొరుగు మురుగు ఆమె గడప దగ్గర ఆగలేదు.

1902లో టైఫాయిడ్ మళ్లీ విరుచుకుపడింది. నగర జనాభాలో 36వ వంతు ఉన్న 19వ వార్డులో, నగరం మొత్తం టైఫాయిడ్ చావుల్లో ఆరో వంతు! హల్ హౌస్‌లో ఉండే డాక్టర్ ఆలిస్ హామిల్టన్, తోటివాళ్లు ఇల్లిల్లూ తిరిగి మరుగుదొడ్లు, కాలువలు పరిశీలించారు. తనిఖీ చేయాల్సిన అధికారులే కళ్లు మూసుకున్నారని తేలింది. ఆరోగ్య శాఖలో 24 మంది ఇన్‌స్పెక్టర్లలో 11 మందికి ఉద్యోగాలు పోయాయి. పంపింగు స్టేషన్ దగ్గర మురుగునీరు తాగునీటి గొట్టాల్లో కలిసిందనీ, ఆ సంగతి దాచిపెట్టారనీ ఆ తర్వాత బయటపడింది. ఏ తల్లికీ తెలియని ప్రమాదం అది.

నాయకుడి కోళ్లు, ఆడవాళ్ల ఓటు

చెత్త కాంట్రాక్టుల వెనకున్న వార్డు నాయకుడు జానీ పవర్స్. 1896లోనూ, 1898లోనూ అతన్ని ఓడించాలని హల్ హౌస్ ప్రయత్నించింది. రెండుసార్లూ అతనే గెలిచాడు. ఎందుకని ఆలోచించింది జేన్. పండక్కి ఇంటింటికీ టర్కీ కోళ్లు పంచేది అతను. చావొస్తే ఖర్చు పెట్టేది అతను. కొడుకుని పోలీసులు పట్టుకెళ్తే విడిపించేది అతను. ఆకలిగా ఉన్నవాడికి నీతి కన్నా కోడి దగ్గర. వాళ్ల అమాయకత్వాన్ని నిందించకుండా, ఆ అవసరాన్ని నగరమే ఎందుకు తీర్చడంలేదని అడిగింది జేన్.

అందుకే ఆడవాళ్లకి ఓటు కావాలంది. 1910లో ఒక మహిళా పత్రికలో ఆమె చేసిన వాదన చాలా సూటిగా ఉంటుంది. పల్లెలో అయితే ఇంటి చెత్త ఆవిడే పెరట్లో పారేసుకుంటుంది, పాలు తన ఆవువే. పట్నంలో అలా కాదు. పాలు, మాంసం, నీళ్లు, మురుగు అన్నీ నగరపాలక సంస్థ చేతుల్లో ఉన్నాయి. అంటే ఇంటిపని సగం గడప దాటి వెళ్లిపోయింది. దానితో పాటు ఇల్లాలూ గడప దాటకపోతే, పిల్లల్ని కాపాడుకోవడం ఆమె తరం కాదు. 1913లో ఇల్లినాయ్ మహిళలకి నగర ఎన్నికల్లోనూ, అధ్యక్ష ఎన్నికల్లోనూ ఓటు వచ్చింది. 1920లో దేశమంతటా వచ్చింది.

దేశద్రోహి అన్నారు!

మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జేన్ శాంతి కోసం నిలబడింది. 1915లో హేగ్ నగరంలో జరిగిన మహిళల మహాసభకు అధ్యక్షత వహించింది. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడూ మాట మార్చలేదు. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న పత్రికలే దుమ్మెత్తిపోశాయి. ఆమె మాత్రం ప్రభుత్వ ఆహార శాఖ తరఫున ఊరూరా తిరిగి, తిండి వృథా చేయొద్దు, ఆకలితో ఉన్న దేశాలకి పంపుదామని ఇల్లాళ్లకి చెప్పింది. 1919లో జర్మనీ వెళ్లి, ఎముకల గూళ్లలా ఉన్న పిల్లల్ని చూసొచ్చి, వాళ్లకీ తిండి పంపాలంది. శత్రువుల పిల్లలకా అన్నారు. ఆకలికి దేశమేమిటి?

కాలం మళ్లీ తిరిగింది. 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. బహుమతి ప్రదానం రోజున ఆమె ఆస్పత్రిలో ఉంది. 1935 మే 21న క్యాన్సర్‌తో కన్నుమూసింది. హల్ హౌస్ ముంగిట వేలమంది కడసారి చూపుకి వచ్చారు. పుట్టిన సీడర్‌విల్‌లోనే ఆమెను పూడ్చిపెట్టారు. 13 భవనాలుగా పెరిగిన హల్ హౌస్‌లో ఎక్కువ భాగాన్ని 1960లలో విశ్వవిద్యాలయం కోసం పడగొట్టారు. పాత ఇల్లు, పక్కన భోజనశాల మిగిలి, మ్యూజియం అయ్యాయి.

జేన్ అందరి ఆకలీ తీర్చలేదు. పేదరికాన్నీ రూపుమాపలేదు. వంటశాల నడవలేదు, ఎన్నికల్లో ఓడింది, నియమం పట్టుకుని ఒక మనిషిని పోగొట్టుకుంది. అయినా ఆమె వల్ల ఒక్కటి తేలింది. పన్నెండు మంది ఇల్లాళ్లు సాయంత్రం పూట ఒక పుస్తకం, ఒక పెన్సిలు పట్టుకుని సందులో నడిస్తే చాలు... ఏ రోజు బండి రాలేదో, ఏ కుళాయిలో నీళ్లు రంగు మారాయో తేదీ వేసి రాసుకుంటే చాలు. ఊరికే తిట్టుకుంటే ఎవరూ వినరు గానీ, రాసి పెట్టుకున్న లెక్కని కాదనడం ఎంత పెద్ద అధికారికైనా కష్టమే!